గడప ముందు మా మేనత్త

పోయిన నెల కొత్తగూడెం బస్టాండులో ఒక పెద్దమనిషి బస్సు మెట్టు ముందు నిలబడిపోయాడు. ఎడమచేత్తో కమ్మీ పట్టుకున్నాడు. కుడికాలి మడమ లేచింది కానీ కాలు పైకి రాలేదు. ఆయన వెనక సంచులు, పిల్లలు, తోపులాట. కండక్టరు విసుక్కుంటూ, "ఎక్కుతవా ఎక్కవా పెద్దాయనా? ఏదో ఒకటి జెయ్యి" అన్నాడు. వెనకనుంచి ఎవరో "పొద్దుగాలనే ఏసిండు" అనగానే నలుగురూ నవ్వారు. ఆ మనిషి ముఖంలో మాత్రం ఏమీ లేదు. సిగ్గు లేదు, కోపం లేదు, రెప్పపాటు కూడా లేదు.

అలాంటి ముఖాన్ని నేను ఏళ్లతరబడి చూశాను. "ఆయన తాగలేదు, కాస్త ఆగండి" అని గట్టిగా అరిచాను. ఇంతలో ఎవరూ ఏమీ చేయకుండానే ఆయన టక్కున మెట్టెక్కి, పోయి కిటికీ పక్కన కూర్చున్నాడు. నిమిషం కింద ఎందుకు ఎక్కలేకపోయాడో, ఇప్పుడు ఎందుకు ఎక్కగలిగాడో ఎవరికీ తెలియలేదు. నాకూ తెలియలేదు. నాకు తెలిసిందల్లా అది ఏ జబ్బో. మా మేనత్తకు ఉండేది అదే. ఆమె పోయి కొన్నేళ్లయింది. ఆమె గురించి ఒక్కసారైనా వరుసగా చెప్పుకోవాలని ఆ బస్టాండు బెంచీ మీద కూర్చునే అనుకున్నాను.

ఆమె మా నాన్నకు అక్క. జూలూరుపాడు దాటాక అడవి అంచున ఉండే ఒక చిన్న పల్లె ఆమె అత్తగారిది. పెళ్లయిన కొద్దికాలానికే భర్త పోయాడు. ఒక్కడే కొడుకు, నాకు బావ. ఆమె మిర్చి వేసేది, పత్తి వేసేది, రెండిట్లో ఏది ముంచినా రెండోదాన్ని పట్టుకుని తేలేది.

చిన్నప్పుడు ఆమెతో నడవడమంటే ఆమె వెంట పరుగెత్తడమే. చీర కుచ్చిళ్లు ఎగదోపి, కుడిచెయ్యి తెడ్డు వేసినట్టు ఊపుతూ పోయేది. పోతూ పోతూ కథలు చెప్పేది. నేను పక్కనే ఉన్నాననుకుని కథంతా చెప్పేసి, తీరా చూస్తే నేను ఎక్కడో వెనక. "ఏడున్నవే?" అని నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి, నేను చేరాక మళ్లీ మొదటినుంచి చెప్పేది. రెండోసారి కథ మారిపోయేది. మొదటిసారి పాము తప్పించుకుంటే రెండోసారి చచ్చేది.

బస్సు కోసం ఆమె ఆగగా చూడలేదు. కాసేపు చూసి, రాకపోతే కొత్తగూడెం వైపు నడక మొదలుపెట్టేది. ఏ అడవి మధ్యలోనో బస్సు ఆమెను అందుకునేది. డ్రైవరు ఆపితే ఎక్కి, "జల్దీ రారాదు? నిన్ను నమ్ముకుంటె సద్దుల బతుకమ్మ కూడ అయిపోతది" అని వాణ్నే తిట్టేది. ఎవరైనా దిగాలుగా కనిపిస్తే ఆమె మొదటి మాట ఒకటే: "ఏందే, మొకం గట్ల వెట్టినవ్? ఎవలన్న కొట్టిండ్రా?" ఆ మాటకు ఏడుస్తున్న పిల్లలు కూడా నవ్వేవాళ్లు. ఆమె నవ్వితే ముందు చప్పట్లు వినపడేవి, తర్వాత నవ్వు.

మా నాన్న కొత్తగూడెంలో బాయి పని చేసేవాడు. బొగ్గు గనిని మా దగ్గర బాయి అనే అంటారు. మేము కంపెనీ క్వార్టర్లో ఉండేవాళ్లం. మా పెద్దక్కను కొడుక్కు చేసుకోవాలని అత్త ఉయ్యాలనాడే అనుకుంది. నాన్న మాత్రం, బావ ఏడో తరగతితో బడి మానేశాడని, అక్కను ఇల్లందులో ఒక గుమాస్తాకిచ్చి చేయడానికి మాట ఇచ్చాడు. తాంబూలాలు పుచ్చుకున్న సంగతి తెలిసిన రోజు అత్త వచ్చింది. లోపలికి రాలేదు. మా క్వార్టరు ముందు బొగ్గుపొడి పడి నల్లబడ్డ వాకిట్లో నిలబడి, "తమ్మీ, నీ బిడ్డ, నీ ఇష్టం. గని నా నోటి మాట ఇను. ఇగ నీ గడప తొక్క" అంది. అమ్మ మంచినీళ్లు తెచ్చేలోపల వెళ్లిపోయింది. నాన్న చెప్పులేసుకుని పరుగెత్తాడు. అందుకోలేకపోయాడు.

అత్త తానన్న మాట మీదే ఉంది. అక్క పెళ్లికి రాలేదు, పురుడుకు రాలేదు. నాన్న కూడా పట్టుదల మనిషే, ఆయనా పోలేదు.

కొన్నేళ్లకు నాకు టీచరు ఉద్యోగం వచ్చి జూలూరుపాడులో వేశారు. ఆదివారాలు అత్త ఊరికి పోయేదాన్ని. నన్ను చూసి ఆమె ఏనాడూ పాత సంగతి ఎత్తలేదు. "కోడలు పిల్లా" అనే పిలిచేది. నేను ఇంటికి పోయినప్పుడు నాన్న అక్క ఎట్లా ఉందని అడిగేవాడు కాదు. "ఆడ వానలు పడ్డయా?" అని అడిగేవాడు. ఎండాకాలంలో కూడా అదే ప్రశ్న.

జబ్బు ఎప్పుడు మొదలైందో చెప్పమంటే ఇప్పటికీ చెప్పలేను. వాసనతోనేమో. ఒకసారి పొయ్యి మీద ఎండుమిరపకాయలు మాడి మేమంతా దగ్గుతూ బయటికి ఉరికితే ఆమె అక్కడే కూర్చుని, "ఏమైందే మీకు?" అంది. బావ భార్య, మా అక్క వరస, పగలబడి నవ్వింది. అత్త కూడా నవ్వింది. అది జబ్బు కబురని ఎవరికి తెలుసు?

తర్వాత నడక. ఒక ఆదివారం చేనుకు పోతూ ఏదో చెప్పబోయి పక్కకు చూస్తే అత్త లేదు. వెనక్కి తిరిగాను. ఆమె నా వెనక వస్తోంది. నాకు బుద్ధి తెలిసినప్పటినుంచీ ఆమె నా వెనక నడవడం అదే మొదలు. ఉద్యోగం చేసి నా కాళ్లు గట్టిపడ్డాయనుకుని సంబరపడ్డాను. ఆమె కుడిచెయ్యి ఊగడం లేదు. మోచేతి దగ్గర వంగి, పొట్ట మీద ఎవరో అతికించినట్టు ఉండిపోయింది.

తర్వాత వేళ్లు. ఊరికే కూర్చుంటే కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు ఒకదాన్నొకటి రాసుకునేవి, దీపానికి వత్తులు చేస్తున్నట్టు. చుట్టుపక్కల ఆడవాళ్లు, "ఏం వత్తులు జేస్తున్నవ్ పెద్దమ్మా, దూది ఏది?" అని ఆటపట్టించేవాళ్లు. విచిత్రమేమిటంటే చెంబు పట్టుకోగానే ఆ వణుకు ఆగిపోయేది. చెంబు కింద పెడితే మళ్లీ మొదలు. పని చేస్తే నిలిచిపోయి, ఖాళీగా ఉంటే వచ్చే రోగం ఏం రోగం? "పని దొంగలకు వస్తదేమో" అని ఆమే అంది. అనేటప్పుడు నవ్వలేదు.

అందరికంటే ఎక్కువ తికమకపడింది ఆమె కోడలు. "ముఖంల నవ్వు లేదు చెల్లె. కూర మంచిగున్నదంటది, తిట్టినట్టు చూస్తది. మాట సప్పుడు కూడ తగ్గించింది. నా మీద ఏం మనసుల వెట్టుకున్నదో" అని నా దగ్గర కళ్లు తుడుచుకుంది. ఊళ్లో ఆర్ఎంపీ డాక్టరు బలానికి టానిక్ రాశాడు. ఖమ్మంలో ఒకాయన నరాల బలహీనత అని సూదులు పొడిచాడు. ఒకరు వాతమన్నారు. ఒకరు వయసన్నారు. ఆమెకు అప్పటికి అరవై కూడా లేవు.

ఆ రోజుల్లోనే బాయిలో పైకప్పు పెళ్లలు పడి మా నాన్న కాలు విరిగింది. దవాఖానా నుంచి ఇంటికి తెచ్చాక కబురు అత్తకు చేరింది. ఆమె కొడుకును వెంటబెట్టుకుని బస్సెక్కి వచ్చింది. నేను ఆ రోజు ఇంట్లోనే ఉన్నాను.

వాకిట్లో ఆమెను చూసి అమ్మ చేతిలోని గిన్నె అక్కడే పెట్టేసి, "వదినె వచ్చింది" అని లోపలికి కేక వేసింది. నాన్న మంచం మీదనుంచి మోచేతుల మీద లేచాడు. తలుపు తీసే ఉంది. ఆ గుమ్మంలోంచి అక్కాతమ్ముళ్లు ఒకరికొకరు కనిపిస్తున్నారు.

"అక్కా, లోపలికి రా" అన్నాడు నాన్న.

అత్త గడప దాకా వచ్చింది. ఆగింది.

మేము చూస్తున్నాం. ఆమె నిలబడే ఉంది. ముఖం రాయిలా ఉంది. పెదవులు కదిలాయి గానీ మాట వినపడలేదు. బావ వెనకనుంచి "పోవే అమ్మా" అని భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె కదల్లేదు. పక్క క్వార్టర్ల వాళ్లు వచ్చి నిలబడ్డారు. ఆ పాత మాట వాళ్లలో సగం మందికి తెలుసు.

నాన్న మళ్లీ పిలవలేదు. ఆయన ముఖం ఎర్రబడింది. "చూడనీకె రాలే ఆమె. ఒట్టు నిలబెట్టుకుంటదని నాకు చూపెట్టనీకె వచ్చింది" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నేను గడప దగ్గరికి పోయాను. అత్త కుడికాలు మడమ లేచి గజగజా వణుకుతోంది. వేళ్లు నేలకు అంటుకుపోయినట్టున్నాయి. నా కళ్లలోకి చూసింది. ఆ చూపులో ఏముందో ముఖం చెప్పలేదు. ఆమెకు అలవాటైన ప్రశ్న ఆమెనే అడగాలనిపించింది, ఎవలన్న కొట్టిండ్రా అని. చివరికి బావ ఆమెను మెల్లగా వెనక్కి తిప్పాడు. తిప్పగానే కాళ్లు వచ్చాయి. వచ్చాక ఆగలేదు. ముందుకు వంగి, చిన్నచిన్న అడుగులతో పరుగు పరుగున వాకిలి దాటింది. చూసేవాళ్లకు ఆ ఇంటినుంచి పారిపోతున్నట్టే ఉంది. అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "గంత పంతమా వదినె" అంది.

తర్వాతి ఆదివారం నేను అడిగాను. అత్త అరుగు మీద కూర్చుని ఉంది. వేళ్లు వత్తులు చేస్తున్నాయి.

"కాలు రాలేదే" అంది. గొంతు బాగా తగ్గిపోయి, దగ్గరికి వంగితే గానీ వినపడటం లేదు. "పోవాలె పోవాలె అని లోపల కొట్టుకున్న. తమ్ముడు అక్కా అన్నడు. నాకు దుఃఖమొచ్చింది. కాలు మాట ఇనలే."

"మరి నాన్నతో ఆ మాట చెప్పకపోయినవా?"

"నోరూ రాలే." కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుంది. "నేనే అంటిని గద బిడ్డా, గడప తొక్క అని. ఆ మాట ఊకె పోతదా? కాళ్లకు సుట్టుకున్నది."

ఒట్టు గట్టు మీద పెట్టాలని ఆమె దేవుళ్లందరికీ మొక్కింది. భద్రాచలం పోయి గోదావరిలో మునిగి వచ్చింది. అక్కడ గుడి మెట్లు చకచకా ఎక్కిందని బావ చెప్పాడు. మెట్లు ఎక్కే మనిషికి గడప అడ్డమా? ఆ మాట చెవిన పడ్డాక మా నాన్న నమ్మకం ఇంకా గట్టిపడింది. నిజం చెప్పాలంటే నా నమ్మకం కూడా అటూ ఇటూ ఊగింది.

చివరికి వరంగల్ పెద్ద దవాఖానాలో చూపిద్దామని నేనూ బావా ఆమెను తీసుకుని రైలెక్కాం. అక్కడ నరాల డాక్టరు కుర్రవాడు, తొందర లేని మనిషి. ఆమె మోచెయ్యి పట్టుకుని వంచి చూశాడు. గిలక పట్టి పట్టి తిరిగినట్టు చెయ్యి ఆగి ఆగి వంగింది. వరండాలో నడవమన్నాడు. తిరగమంటే ఆమె గుంజను తిప్పినట్టు ఒళ్లంతా కలిపి తిరిగింది. చదువు రాదని తెలిసి, చేతికి సుద్దముక్క ఇచ్చి నేల మీద ముగ్గుకు చుట్టినట్టు సున్నాలు చుట్టమన్నాడు. మొదటిది రొట్టెంత వచ్చింది. పోను పోను చిన్నవైపోయి చివరిది మిరప గింజంత అయింది. ఆమె దాన్ని చూసి ఆశ్చర్యపోయింది. "నేను అన్నీ ఒక్క తీరుగనే చుట్టిన గద సారూ?"

డాక్టరు మాకు వివరంగా చెప్పాడు. మెదడులో ఒకచోట ఒక రసాయనం తయారవుతుందట. కదలికలు సాఫీగా సాగాలంటే అది కావాలట. ఈ జబ్బులో ఆ రసాయనం చేసే కణాలు మెల్లమెల్లగా నశించిపోతాయట. అందుకే వణుకు, బిగుసుకోవడం, నెమ్మది. ముఖంలో భావం పలకకపోవడం, మాట సన్నబడటం, వాసన పోవడం కూడా అందులోవేనట. "ముఖంలో కోపం కనపడ్డంత మాత్రాన మనసులో కోపం ఉన్నట్టు కాదు" అన్నాడు. బావ తల దించుకుని, "మా ఆడదానికి చెప్పాలె" అన్నాడు.

"ఎందుకొచ్చింది సారూ?" అంది అత్త.

"మాకూ తెలియదమ్మా."

అత్త నావైపు తిరిగింది. "తెల్వదనేటాయన కాడికా గింత దూరం వచ్చినం?"

డాక్టరు నవ్వాడు. జబ్బు పోదనీ, మందుతో నడుస్తుందనీ అన్నాడు. ఆ లోపించినదాన్నే బయటినుంచి అందించే మాత్రలు రాశాడు. అత్తకు ఇంకో సందేహం ఉంది. చాలాసేపు పెదవులు కదిపి కదిపి అడిగింది: "ఒట్టు వెట్టుకుంటె గూడ కాలు ఆగుతదా?"

ఆయనకు అర్థం కాలేదు. నేను మా ఇంటి కథ చెప్పాను. ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఒట్టుతో ఈ జబ్బు రాదు. ఇరుకు గుమ్మాల దగ్గర, మలుపుల దగ్గర కాలు పట్టేయడం ఈ జబ్బు లక్షణమే. కానీ మనసు కలవరపడితే, నలుగురూ చూస్తుంటే, తొందరపెడితే, అదే కాలు ఇంకా గట్టిగా పట్టేస్తుంది."

అంటే ఒట్టు కాదన్నట్టా, అవునన్నట్టా? బయటికి వచ్చాక అత్త నన్ను అదే అడిగింది. "రెండూ అన్నడు అత్తా" అన్నాను.

వచ్చే ముందు ఆయన మరో వింత చూపించాడు. ఆమె గది గుమ్మం దగ్గర ఆగిపోతే, కాలి ముందు సుద్దతో అడ్డగీత గీసి "దీన్ని దాటండి" అన్నాడు. ఆమె మామూలు మనిషిలా దాటేసింది. "గడప కూడా అడ్డగీతే కదా సార్, దాన్నెందుకు దాటలేదు?" అని అడిగాను. "మంచి ప్రశ్న. నాకు జవాబు తెలియదు" అన్నాడు. తెలియదనే డాక్టరు మీద అప్పటికి నాకు గౌరవం కలిగింది. అత్తకు మాత్రం కలగలేదు.

మందు పనిచేసింది. ఎంత పనిచేసిందంటే ఊరు నమ్మలేదు. పొద్దున ఆమెను లేపి కూర్చోబెట్టాలి, ముఖం కడగాలి. గోలి వేసుకున్న కొంతసేపటికి ఒంట్లోకి ఎవరో వచ్చినట్టు లేచి, గంప తీసుకుని మిరప చేనుకు పోయేది. మళ్లీ గోలి బలం తగ్గగానే చేను గట్టు మీద కొయ్యలా కూర్చునేది. ఎవరో మోసుకొచ్చేవాళ్లు. "పొద్దుగాల కోడలుతోని నీళ్లు పోపిచ్చుకుంటది, పగటియాల చేనుకు ఉరుకుతది. గిదేం బీమారి?" అని ఊళ్లో వాళ్లు నవ్వుకునేవాళ్లు. నటన అన్నవాళ్లూ ఉన్నారు. కోడలు అప్పటికి అర్థం చేసుకుంది. "నటన జేసేటోళ్లు మంది ముందట జేస్తరు. మా అత్త ఎవ్వలు లేనప్పుడు గూడ గట్లనే ఉంటది" అని ఒకామె మీదికి పోట్లాటకు పోయింది.

గోలి అన్నానికి ముందే వేసుకోవాలన్నాడు డాక్టరు. పప్పు, పాలతో కలిస్తే సరిగా పనిచేయదట. ఆ ఇంట్లో గడియారం లేదు. అత్త నీడను చూసి గోలి వేసుకునేది. మబ్బు పట్టిన రోజు మందు తప్పేది. కొన్నాళ్లు ఆమెకు మిర్చి బస్తాల మీద చిన్నపిల్లలు కూర్చున్నట్టు కనిపించారు. "ఉత్తయే అని ఎర్కనే బిడ్డా. గని కండ్లకు కనపడుతుంటె బువ్వ తినుమని అనకుండ ఎట్లుంట?" అంది. అది కూడా మందు వల్లేనని, మోతాదు తగ్గించాలని వరంగల్ నుంచి జవాబు తెచ్చాడు బావ. వణుకు తగ్గాలంటే పిల్లలు వస్తారు, పిల్లలు పోవాలంటే వణుకు వస్తుంది. ఆమె పిల్లలే నయమంది.

రెండు మూడేళ్లు గడిచాక ఒక పెద్ద గందరగోళం జరిగింది. గోలీల బలం త్వరగా దిగిపోతోందని బావ దిగులుపడుతుంటే, అడవి లోపలి గూడెంలో ఆకుపసరు వైద్యం చేసే ఒక ముసలాయన దూలగొండి గింజల పొడి ఇచ్చాడు. ఒంటికి తగిలితే దురద పెట్టే ఆ కాయల లోపలి గింజలు. పాలలో నానేసి, పొట్టు తీసి, దంచిన పొడి. వణుకుడు రోగానికి అది వాడతారట. బావ గోలీల సంగతి ఆయనకు చెప్పలేదు, పొడి సంగతి డాక్టరుకు చెప్పలేదు. రెండూ వేశాడు.

ఆ మధ్యాహ్నం నేను పోయేసరికి ఇంటి ముందు ఊరంతా ఉంది. మధ్యలో అత్త. మెడ ఒకవైపు మెలికలు తిరుగుతోంది, భుజాలు ఎగురుతున్నాయి, చేతులు గాలిలో పాముల్లా ఆడుతున్నాయి. ఎవరో పసుపునీళ్లు పోశారు. ఎవరో వేపమండలు చేతిలో పెట్టారు. అమ్మవారు పూనిందని అందరూ చేతులు జోడించారు. పక్కింటామె ముందుకొచ్చి, "తల్లీ, మా ఆయన తాగుడు మానుతడా?" అని అడిగింది.

"మానడు! ఆని సంగతి నాకెర్క లేదా? ముందుగాల నన్ను పట్టుకోండ్రే!" అంది అత్త.

జనం "తల్లీ" అని మోకరిల్లారు. పట్టుకోవడానికి మాత్రం ఎవరూ రాలేదు. నేనూ, కోడలూ పోయి ఆమెను మంచం మీద పడుకోబెట్టాం. అన్నేళ్లుగా రాయిలా ఉన్న ఆ ముఖంలో కనుబొమలు, పెదవులు అన్నీ కదులుతున్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. "నవ్వుతున్నవా అత్తా?" అని అడిగాను. "ఏమో" అంది.

మర్నాడు వరంగల్లో డాక్టరు పొడి వాసన చూసి, మమ్మల్ని కూర్చోమన్నాడు. ఆ గింజల్లో కూడా ఇదే మందు ఉంటుందట. రెండూ కలిసి మోతాదు మించిపోయిందట. తక్కువైతే కొయ్యబారడం, ఎక్కువైతే మెలికలు తిరగడం. "ఏదో ఒకటే వాడండి. గోలి అయితే ఎంత వేస్తున్నామో తెలుస్తుంది, పొడిలో ఎంత ఉందో తెలియదు. అంతే తేడా" అన్నాడు. గూడెం ముసలాయనకు ఈ సంగతి చెబితే ఆయన బావ మీద మండిపడ్డాడట, "ఇంకో మందు తింటున్నదని చెప్పొద్దా?" అని. ఊళ్లో మాత్రం ఆ పక్కింటామె చాలాకాలం అత్తకు కొబ్బరికాయలు తెచ్చిపెట్టింది. భర్త తాగుడు మానలేదు మరి. చెప్పినట్టే జరిగింది కదా.

ఇన్ని జరుగుతున్నా నాన్న మాత్రం మారలేదు. జబ్బు గురించి నేను చెప్పినప్పుడల్లా వినేవాడు. చివర, "గోలి మింగితె పంతం పోతదా?" అనేవాడు. కాలు అతికింది గానీ పొట్టిదైంది. చేతికర్ర లేకుండా నడవలేకపోయేవాడు. బాయిలోకి దిగకుండా పైన తేలిక పని ఇచ్చారు.

ఒకరోజు అత్తే అంది, "కొత్తగూడెం పోదమే" అని.

"మళ్ల కాలు ఆగితే?" అన్నాను.

"ఆగితె ఆగుతది. ఆగిన కాడ నిలబడుత."

గోలి లెక్క చూసుకుని బయలుదేరాం, ఇల్లు చేరేసరికి మందు బలం మీద ఉండేలా. సుజాతనగర్ దగ్గర బస్సు చక్రం పంక్చరైంది. చెట్టు కింద కూర్చుని ఆమె కాళ్లనుంచి బలం దిగిపోవడం నేను చూస్తూనే ఉన్నాను. వెనక్కి పోదామా అంటే తల అడ్డంగా ఊపింది, ఊపిందనుకున్నాను.

క్వార్టరు చేరాం. అదే వాకిలి, అదే గుమ్మం. అమ్మ లోపలినుంచి చూసి అక్కడే నిలబడిపోయింది. నాన్న కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అత్త గడప దాకా వచ్చింది. ఆగింది. మడమ లేచి వణికింది.

నాకు గీత గుర్తొచ్చింది. సుద్ద కోసం, బొగ్గుముక్క కోసం అటూ ఇటూ చూశాను. నేను వెతుకుతుండగానే నాన్న లేచాడు. కుంటుతూ గుమ్మం దగ్గరికి వచ్చాడు. కాసేపు అక్క ముఖంలోకి చూశాడు. ఆ ముఖంలో ఆయనకు ఏం కనిపించిందో తెలియదు, అక్కడ ఏమీ లేదు కదా. తర్వాత తలుపు చెక్క పట్టుకుని, చేతికర్రను గడప అవతల, ఆమె పాదాల ముందు నేల మీద అడ్డంగా పెట్టి, ఆ పొట్టికాలితో అవస్థపడుతూ వంగి రెండుచేతులతో ఆమె పాదాలు పట్టుకున్నాడు.

"కాల్మొక్కుత అక్కా. ఇగ రా."

ఆమె పాదం ఆయన చేతుల్లోంచి లేచింది. కర్ర మీదుగా, గడప మీదుగా లోపల పడింది. రెండో పాదం కూడా వచ్చింది. అత్త మా ఇంట్లో నిలబడి ఉంది.

అమ్మ ఏడ్చింది. నాన్న లేవలేకపోతే నేనూ అమ్మా లేపాం. అత్త అట్లాగే నిలబడి ఇల్లంతా చూసింది. కొత్తగా వేసిన సున్నం చూసింది, గోడమీద అక్క పెళ్లి ఫోటో చూసింది. ఫోటో దగ్గర చాలాసేపు ఆగింది. కాలు పట్టేసి ఆగిందో, చూస్తూ ఆగిందో అడగలేదు. అమ్మ నా చెవిలో, "కోపంగున్నదా?" అంది. "కోపం కాదమ్మా, ముఖమే అంత" అన్నాను. అమ్మ నమ్మినట్టు లేదు. నాకూ పూర్తి నమ్మకం లేదు.

ఆ సాయంత్రం ఆమెను వాకిట్లో కూర్చోబెట్టాక నాన్నకు అడ్డగీత సంగతి మళ్లీ చెప్పాను. ఆయన కర్ర అడ్డంగా పడటం వల్లే ఆమె దాటగలిగిందని, డాక్టరు కూడా అదే చూపించాడని చెప్పాను. ఆయన నావైపు జాలిగా చూశాడు.

"కర్రేంది పిల్లా? ఎన్నేండ్లకెల్లి ఆమె గా గడప ముందట ఎందుకు నిలబడ్డది? తమ్ముడు వంగలేదని. ఇయ్యాల వంగిన, వచ్చింది. దానికి డాక్టరెందుకు?"

మనసు కలవరపడితే కాలు ఇంకా గట్టిగా పట్టేస్తుందని కూడా ఆ డాక్టరే చెప్పాడు. గీత దాటించిందా, తమ్ముడి చేతులు దాటించాయా? రెండూ ఒకే క్షణంలో నేలకు దిగాయి, కర్రా, నాన్న చేతులూ. విడదీసి చూసే వీలు లేకుండా పోయింది.

అత్త దగ్గరికి పోయి కూర్చున్నాను. రెండో గోలి పడి మాట కాస్త తేటగా వస్తోంది. నాన్న ఏమన్నాడో, డాక్టరు ఏమన్నాడో రెండూ చెప్పి, "నీకెట్ల అనిపించింది అత్తా? ఎట్ల దాటినవ్?" అని అడిగాను.

ఎదురుగా బాయి షిఫ్టు దిగినవాళ్లు బాయి టోపీలు చేత్తో పట్టుకుని ఇళ్లకు పోతున్నారు. ఆమె వాళ్లు దాటిపోయేదాకా చూసింది.

"నాకేం ఎరుక బిడ్డా" అంది. "కాలు వోయింది. నేను దాని ఎంబడి వోయిన."